దండేనికి అవతలి వైపు

ఈ వేసవి మొదట్లో ఒక మట్టికుండ కొన్నాను. లోపల రెండుసార్లు కడిగి, నిండా నీళ్ళు పోసి, వంటగదిలో ఇసుక పరిచిన పళ్ళెం మీద కూర్చోబెట్టాను. పక్క గదిలోకి వెళ్ళి పుస్తకం తీశానో లేదో, వాసన వచ్చింది. తొలకరి చినుకులకు నేల నుంచి లేచే వాసనే అది. కాకపోతే నాలుగు గోడల మధ్య, ఒక్క కుండలో నుంచి. పుస్తకం మూసేసి వెళ్ళి కుండ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

కుండ నీళ్ళు తాగుతోంది. ముందు అడుగున అరచేయంత మేర ముదురు రంగు వచ్చింది. తరువాత పొట్ట మీద అక్కడక్కడ రూపాయి బిళ్ళలంత మచ్చలు. అవి పెరిగి ఒకదాన్నొకటి అందుకున్నాయి. పొద్దెక్కేసరికి మెడ వరకూ రంగు మారిపోయింది. మెడ దగ్గర ఒక గీత. గీతకు పైన లేత ఇటుక రంగు, కింద బాగా పండిన రేగుపండు రంగు. నేను పోసిన నీళ్ళకు మాత్రం ఏ రంగూ లేదు.

రంగు లేని నీళ్ళు తగిలితే వస్తువు ఎందుకు నల్లబడుతుంది? ఈ ప్రశ్న నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో పట్టుకుంది. జవాబు దొరకడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళ పాటు ఉన్నత పాఠశాలల్లో సైన్సు చెప్పి, ఏటా ఎవరో ఒక పిల్లవాడి చేత అదే ప్రశ్న అడిగించుకునేదాన్ని. కానీ కుండ ముందు కూర్చున్నప్పుడు గుర్తుకు వచ్చింది పాఠం కాదు, మా ఊరు.

* * *

మాది గుంటూరుకూ ఒంగోలుకూ మధ్య నల్లరేగడి పల్లె. ఇంటి వెనుక సందులో కుమ్మరి తాత ఇల్లు ఉండేది. మధ్యాహ్నం వీధి అంతా నిద్రపోయే వేళ అటు నుంచి ఒకే చప్పుడు వచ్చేది: కుండ పొట్టను చెక్కతో తట్టే చప్పుడు. లోపల ఒక చేత్తో రాయి ఆనించి, బయట మరో చేత్తో తడుతూ కుండను పెంచేవాడు. ఆ చప్పుడు వింటూ నిద్రపోవడం అలవాటైపోయి, తరువాత పట్నంలో మధ్యాహ్నాలు నాకు నిద్ర పట్టేది కాదు.

సారె మీద నుంచి దిగినప్పుడు కుండ నల్లగా, నిగనిగలాడుతూ ఉండేది. పాక నీడలో వరుసగా పేర్చేవాడు. రోజులు గడిచే కొద్దీ ముందు అంచు పాలిపోయేది, తరువాత మెడ, తరువాత పొట్ట. అడుగు అన్నిటికంటే ఆఖరున ఆరేది, అక్కడ మట్టి మందం కాబట్టి. ఆవం పేర్చే రోజున తాత ఒక్కొక్క కుండనూ ఎత్తి, తిరగేసి అడుగు చూసేవాడు. కాసింత నలుపు కనబడితే చాలు, పక్కన పెట్టేసేవాడు.

"దీని కడుపులో ఇంకా నీళ్ళున్నాయి తల్లీ. ఆవంలో పెడితే పగులుతుంది. తాను పగిలి పక్కవాటినీ పగలగొడుతుంది."

అనుమానం తీరకపోతే కుండను చెంపకు ఆనించుకునేవాడు. కంటికి దొరకని తడి చల్లదనంగా చెంపకు దొరుకుతుందట. నా చెంపకు కూడా ఆనించేవాడు. రెండు కుండలు ఒకే రంగులో ఉన్నా ఒకటి చల్లగా, ఒకటి మామూలుగా తగిలేవి. తాత దగ్గర కొలిచే సాధనం ఏదీ లేదు. కన్ను, చెంప, అంతే. ఆ రెంటితో ఆయన పోగొట్టుకున్న కుండలు చాలా తక్కువ.

మా ఊళ్ళో అప్పుడు తడి ఎంత ఉందో అందరూ రంగు చూసే చెప్పేవారు. వాన వెలిసిన మూడో రోజో నాలుగో రోజో నాన్న పొలం గట్టు మీద నిలబడి చాలాసేపు చూసేవాడు. నల్లటి చేను మీద మట్టి గడ్డల కొసలు బూడిద రంగుకు తిరిగి, గడ్డల కింద నలుపు మిగిలి ఉండాలి. అప్పుడది పదును. అంతా నలుపైతే నాగలికి బంకలా పట్టుకుంటుంది. అంతా బూడిద రంగైతే రాయిలా ఎదురు తిరుగుతుంది. నాయనమ్మ డాబా మీద వడియాలను తిరగేసి మధ్యలో మసక మచ్చ మిగిలిందేమో చూసేది. ఎవరూ ఎవరికీ నేర్పినట్టు కనబడేది కాదు. చూసి చూసి వచ్చిన విద్య అది. ఆ విద్యలో నాకు దక్కింది చాలా తక్కువ.

* * *

నా మొదటి పలక మార్కాపురం రాతి పలక. చుట్టూ చెక్క చట్రం, ఒక మూల తాడు. కొత్తలో నల్లగా ఉండేది, వాడగా వాడగా బూడిద రంగుకు తిరిగింది. దొండాకు నలిపి ఆ పసరుతో తోమితే మళ్ళీ నల్లబడుతుందని పెద్ద తరగతి పిల్లలు చెప్పారు. బడి కంచె మీద దొండతీగ ఆకులన్నీ మా పలకలకే ఖర్చయ్యేవి. ఆకు పసరు ఆరాక ఆ నలుపు కొంత నిలిచేది. ఉత్త నీళ్ళతో తుడిస్తే మాత్రం అప్పటికప్పుడు కాటుకలా అయిపోయి, రెండు నిమిషాల్లో మళ్ళీ బూడిద రంగే.

ఒక రోజు ఎక్కాలు రాయమన్నారు పంతులు గారు. ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాశాను. ఆయన వరుసలో నా వైపు వస్తుండగా తప్పు తెలిసింది. తడి గుడ్డ ముక్కతో ఒక్కసారి తుడిచేశాను. పలక నున్నగా, నల్లగా, ఏమీ రాయనట్టు మెరిసింది. ఆయన పలక చేతిలోకి తీసుకుని, ఇంతలో కిటికీ పక్కన ఇద్దరు పిల్లలు తగవు పడుతుంటే అటు తిరిగి మాట్లాడారు. కిటికీలో నుంచి వచ్చే ఎండ పలక మీద పడుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. పలక అంచుల నుంచి పాలిపోతూ వచ్చింది. నడిమికి వచ్చేసరికి నా అంకెలు ఒక్కొక్కటీ తెల్లగా పైకి తేలాయి. ఏడు, ఎనిమిది, యాభై నాలుగు.

ఆయన ఇటు తిరిగి పలక చూసి, నా ముఖం చూసి, "నీళ్ళు దాచాయి, ఎండ చెప్పేసింది" అన్నారు. కొట్టలేదు. యాభై ఆరు అని పైన రాసి ఇచ్చారు. నాకు తప్పు దొరికిపోయిన బాధ కంటే అక్షరాలు మాయమై తిరిగి వచ్చిన ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"పలక తడిస్తే ఎందుకు నల్లబడుతుందండీ?" అని అడిగాను.

"తడిసింది కాబట్టి" అన్నారు.

ఆయన మంచివారు. ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ జవాబు చాలదని నాకు అప్పుడే తెలిసింది.

* * *

సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేసేవారు. సున్నపు రాళ్ళను పెద్ద కాగులో వేసి నాన్న నీళ్ళు పోస్తే, కాసేపు ఏమీ ఉండేది కాదు. తరువాత ఒక్కసారిగా కుతకుతలాడి ఆవిరి లేచేది. నిప్పు లేకుండా ఉడకడం నేను చూసిన మొదటి వింత అదే. మమ్మల్ని అరుగు దిగనిచ్చేవారు కాదు. కంట్లో పడితే చూపు పోతుందని నాయనమ్మ కర్ర పట్టుకుని కాపలా కూర్చునేది. రాత్రంతా నానిన సున్నాన్ని పాత గుడ్డలో వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపి, పొద్దున్నే కుంచె పట్టేవాడు నాన్న.

కుంచె తిరిగినంత మేర గోడ తెల్లబడదు. మసకబడుతుంది. పాత మరకలన్నీ ఇంకా స్పష్టంగా కనబడతాయి. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు అమ్మ ఇది చూసి, "సున్నం పలచనైపోయింది, ఇంకొంచెం కలపండి" అని కంగారు పడిందట. నాన్న ఏమీ అనకుండా పని చేసుకుపోయాడట. మధ్యాహ్నం భోజనాలకు కూర్చునేసరికి వాకిట్లో గోడ కళ్ళు చెదిరేలా తెల్లగా ఉంది. అమ్మ ఈ సంగతి ఏటా చెప్పేది. ఏటా నాన్న ఏమీ అనేవాడు కాదు.

గోడ అడుగున ఎర్రమట్టి పట్టీ కొట్టేటప్పుడు కూడా ఇదే తంతు, రంగు తిరగేసి. తడి మీద నెత్తురులా కనబడేది, ఆరాక లేత ఎరుపు. తడి మీద రంగు చూసి నిర్ణయించకూడదని నాన్న అనేవాడు. డబ్బాలో కలిపిన రంగును ముందు ఒక పెంకు ముక్క మీద పూసి, ఎండలో పెట్టి, ఆరాక చూసి, అప్పుడే గోడకు పూసేవాడు.

వాన మొదలైతే అరుగు మీద కూర్చుని చూడటం నాకు ఇష్టమైన పని. నాపరాళ్ళ మీద ఒక్కొక్క చినుకూ ఒక్కొక్క నల్ల బొట్టు పెట్టేది. వాకిట్లో ముగ్గు మీద పడిన చోట గీత కరగక ముందే మాయమయ్యేది. తాటాకు చూరు, గడ్డివాము, ఎడ్లబండి చక్రం, ఎద్దు వీపు, అన్నీ ముదిరేవి. గోడ వారన బోర్లించిన నాయనమ్మ ఊరగాయ జాడీ మాత్రం ఎంత తడిసినా ఆ రంగులోనే ఉండేది. ఇత్తడి బిందె కూడా. పెరట్లో చేమాకు అసలు తడిసేదే కాదు. నీళ్ళు పాదరసంలా దొర్లిపోయేవి. ఏవి నల్లబడతాయి, ఏవి నల్లబడవు అని వేళ్ళ మీద లెక్క పెట్టేదాన్ని. గరుకువి నల్లబడతాయి, నున్ననివి నల్లబడవు అన్న దాకా నాకు నేనుగా వచ్చాను. అక్కడ ఆగిపోయాను.

* * *

అసలు చెప్పాలనుకున్నది ఇది.

అమ్మకు ఒక లేత పసుపు నేత చీర ఉండేది. అంచు సన్నటి ఆకుపచ్చ. పెరట్లో రెండు వేపచెట్ల మధ్య కట్టిన దండెం మీద ఆరవేసేది. పై సగం త్వరగా ఆరేది. నీళ్ళు కిందికి దిగి చీర కొసలో చాలాసేపు నిలిచేవి. ఎండ పడే వైపు నుంచి చూస్తే పై సగం లేత పసుపు, కింది సగం ముదురు పసుపు. అందరూ చూసేది ఆ వైపే, ఎందుకంటే బావి అటు ఉంది.

ఒక రోజు దాగుడుమూతల్లో చీరకు అవతల వైపు, నీడ పక్కన నక్కాను. ఎండ చీరలో నుంచి నా మీదికి వస్తోంది. చూస్తే తారుమారు! తడిసిన కింది సగం వెలిగిపోతోంది, దీపం ముందు పట్టిన ఆకులా. ఆరిన పై సగమే మసకగా ఉంది. ఇటు పరుగెత్తాను: కింద ముదురు. అటు పరుగెత్తాను: కింద వెలుగు. ఆట మరిచిపోయాను. ఎన్నిసార్లు తిరిగానో, చివరికి నాయనమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె నడుము పట్టుకుని ఈ పక్క చూసింది, ఆ పక్క చూసింది.

"అవునే! ఇన్నేళ్ళు ఉతికి ఆరేశాను గానీ, ఇటు నుంచి చూడనే లేదే" అంది.

ఆ మాట ఆమె అన్న తీరు, తల కొంచెం పక్కకు వంచి, నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

* * *

డిగ్రీలో మాకు కాంతిశాస్త్రం చెప్పిన మాస్టారు ఒక రోజు పగిలిన గాజు ముక్కలను గుడ్డలో చుట్టి, రోట్లో దంచి తెచ్చారు. గాజు పొడి బియ్యప్పిండిలా తెల్లగా ఉంది. "గాజుకు రంగు లేదు కదా, పొడి ఎందుకు తెల్లబడింది?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. బీకరులో పొడి పోసి దాని మీద నీళ్ళు పోశారు. తెలుపు సగానికి సగం పోయి, వెనుక పెట్టిన పుస్తకం మీది పెద్ద అక్షరాలు మసక మసకగా కనబడ్డాయి. నా కంటికి కనబడింది మాత్రం నా పలక.

ఆయన చెప్పింది ఇదీ. గాలిలో ఉన్న గాజు మీద వెలుగు నిట్టనిలువుగా పడితే నూటికి నాలుగు వంతులు వెనక్కి తిరుగుతుంది. అదే గాజు నీళ్ళలో ఉంటే తిరిగేది వెయ్యికి నాలుగు వంతులే. వెలుగును ఒక పదార్థం ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం; అది గాలికి 1, నీటికి 1.33, గాజుకు సుమారు 1.5, తేడా ఎంత తగ్గితే వెలుగు అంత తక్కువగా వెనక్కి తిరుగుతుంది, అంత తక్కువగా దారి మళ్ళుతుంది. పొడిలో ఒక్కొక్క రేణువు దగ్గరా వెలుగు కొంత తిరిగి, కొంత మళ్ళి, వేలసార్లు అటూ ఇటూ తన్నుకుని చివరికి చాలా వరకు మన కంటికే వచ్చి చేరుతుంది. అందుకే తెలుపు. రేణువుల మధ్య గాలి పోయి నీళ్ళు చేరితే వెలుగు అంతగా చెదరదు, ఇంకా లోతుకు పోతుంది. గాజైతే అవతలికి దాటుతుంది. మట్టిలాంటిదైతే లోతుకు పోయిన వెలుగును రేణువులు మింగేస్తాయి. తిరిగి వచ్చేది తగ్గుతుంది. మన కంటికి అదే నలుపు. ఎండిన సున్నం, ముగ్గుపిండి, బలపం గీత తెల్లగా ఉండటానికి సగం కారణం వాటి మధ్య చిక్కుకున్న గాలే. గాలి స్థానంలో నీళ్ళు వస్తే అవి కనబడకుండా పోతాయి, నీళ్ళు ఆరి గాలి తిరిగి వస్తే అవీ తిరిగి వస్తాయి. జాడీ మీద పింగాణీ పూత నున్నగా ఉంటుంది, నీళ్ళు దూరే సందే లేదు. అందుకే అది మారదు.

ప్రయోగశాలలో జర్మన్ శాస్త్రవేత్త బున్సెన్ కనిపెట్టిన తరహా నూనె మచ్చ కాంతిమాపకం ఉండేది. తెల్లకాగితం మధ్యలో నూనె మచ్చ. ముందు నుంచి దీపం పెడితే మచ్చ నల్లగా, వెనుక నుంచి పెడితే మచ్చ వెలుగుతూ కనబడుతుంది. రెండు పక్కలా వెలుగు సమానమైతే మచ్చ దాదాపు మాయమవుతుంది. దాన్ని చూసిన రోజున నేను హాస్టలుకు నడుచుకుంటూ వచ్చాను, బస్సు ఎక్కాలని కూడా తోచలేదు. అమ్మ చీరే అది. తడిసిన కొస వెలుగును పోగొట్టలేదు. అవతలికి పంపింది. ఇవతల నిలబడి చూసినవాళ్ళకు అది ముదురు రంగు.

తరువాత చదివి తెలుసుకున్నవి ఇంకా ఉన్నాయి. నీటిలోనో నూనెలోనో తడిపిన కాగితం వెలుగును ఎందుకు దాటనిస్తుందో న్యూటన్ 1704లో అచ్చయిన కాంతి గ్రంథంలోనే చర్చించాడు. 1925లో ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త నేల నుంచి ఎండ ఎంత తిరిగి వెళుతుందో కొలుస్తూ మరో కారణం చెప్పాడు. తడిసిన నేల మీద పలచటి నీటి పొర ఉంటుంది. అడుగు నుంచి పైకి వచ్చే వెలుగు సుమారు 49 డిగ్రీలకు మించి వాలుగా వస్తే ఆ పొరను దాటలేక మళ్ళీ నేల మీదికే పడుతుంది. నేలకు దాన్ని మింగే అవకాశం ఇంకోసారి దొరుకుతుంది. మా మాస్టారు చెప్పిన రేణువుల మధ్య నీటి సంగతిని ట్వోమీ, బోరెన్, మెర్గెంతేలర్ అనే ముగ్గురు 1986లో లెక్క కట్టి చూపారు. రెండు కారణాలూ నిజమే, వస్తువును బట్టి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. నాకు మాత్రం రెండోది చదివినప్పుడు కుమ్మరి తాత గుర్తుకు వస్తాడు, మొదటిది చదివినప్పుడు నాన్న చేను.

టీచరునయ్యాక గాజు దంచడం పిల్లల ముందు ప్రమాదమని మానేశాను. కాగితం మీద ఒక చుక్క కొబ్బరినూనె చాలు. ముందు బల్ల మీద పెట్టి చూడండి, తరువాత కిటికీకి ఎత్తి చూడండి అనేదాన్ని. తరగతి అంతా ఒక్కసారిగా "అబ్బా" అనే ఆ చప్పుడు కోసమే ఆ రోజు బడికి వెళ్ళినట్టు ఉండేది. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "నూనె రాసుకుంటే జుట్టు నల్లబడేది కూడా ఇందుకేనా టీచర్?" అంది. అవును, వెంట్రుక మీది పొలుసుల సందుల్లో నూనె చేరుతుంది. నాకు ముప్ఫై ఏళ్ళలో తోచని ఉదాహరణ అది. ఆ పిల్ల ముఖం ఇప్పుడు గుర్తులేదు, రెండు జడలు గుర్తున్నాయి.

* * *

అమ్మ పోయి ఏడాది దాటింది. చీరలు పంచుకున్నప్పుడు చెల్లెలు పట్టుచీరలు నన్నే తీసుకోమంది. నేను పసుపు నేత చీర ఉందేమో అని వెతికాను. అది ఎప్పుడో చిరిగిపోయి, దుప్పట్ల మధ్య పొరగా మారిపోయిందట. ఇంచుమించు అదే రంగులో అమ్మ చివరి రోజుల్లో కట్టుకున్న చీర ఒకటి దొరికింది. తెచ్చుకుని బీరువాలో పెట్టాను. ఉతకలేదు. ఉతికితే అమ్మ వాసన పోతుందని.

కుండ కొన్న మర్నాడు పొద్దున దాన్ని తీశాను. వాసన ఎలాగూ బీరువా వాసనే అయిపోయింది. బకెట్లో జాడించి, పిండకుండా తీసుకెళ్ళి బాల్కనీలో తాడు మీద వేశాను. నీళ్ళు కొసల నుంచి కారుతున్నాయి. మా బాల్కనీ తూర్పు ముఖం. అప్పుడే ఎండ ఎదురింటి మేడ దాటి వస్తోంది.

లోపలికి వచ్చి, గదిలో నేల మీద కూర్చుని, ఇటు నుంచి చూశాను. ముందు చీర అంతా వెలుగే. కాఫీ తాగేసరికి పై నుంచి మసకబారడం మొదలైంది. వెలుగు గీత మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది, మడతల దగ్గర కాస్త ఆగుతూ. అంచు ఆరే వరకూ అక్కడే కూర్చున్నాను.